కడియంలో సూర్యుణ్ణి కొలిచిన మే నెల

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒక వేసవి రెండు నెలలపాటు మహారాష్ట్రలో ఒక పెద్ద రేడియో టెలిస్కోపు దగ్గర ప్రాజెక్టు చేశాను. పొలాల మధ్య దూరదూరంగా నిలబెట్టిన డిష్‌లు అవి. కంటికి కనపడని రేడియో తరంగాలతో ఆకాశాన్ని ఫొటో తీస్తాయి. ఫొటో అన్నానుగానీ అక్కడ కెమెరా ఉండదు. ఒక్కో డిష్ నుంచి వచ్చేది ఒట్టి హోరు, పాత రేడియోలో స్టేషన్ తప్పితే వినిపించే హోరులాంటిది. ఏ రెండు డిష్‌ల హోరునైనా పక్కపక్కన పెట్టి, అవి ఎంతవరకు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో చూస్తే ఒక అంకె వస్తుంది. అలాంటి అంకెలు వేలకు వేలు పోగేసి లెక్క కడితే, ఎక్కడో కాంతి కూడా కోట్ల ఏళ్ళు నడిచి రావాల్సినంత దూరంలో ఉన్న గెలాక్సీ తెర మీద బొమ్మ కడుతుంది.

ఆ లెక్క నాకు కాగితం మీద అర్థమైంది. మనసుకి మాత్రం అందలేదు. హోరులోంచి బొమ్మ ఎలా వస్తుంది? అక్కడ నేను పని చేసింది కూడా ఇంకొకరు తెచ్చిన అంకెల మీదే. తర్వాత ఇంటి పరిస్థితుల వల్ల రీసెర్చికి వెళ్ళలేదు, ఉద్యోగంలో చేరిపోయాను. ఏ బొమ్మనైనా అలలుగా విడదీయొచ్చు, ఆ అలలన్నీ మళ్ళీ కలిపితే అదే బొమ్మ వస్తుంది అని ఏటా బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఏటా రాసుకుంటారు. ఇరవై ఏళ్ళు దాటినా, నేను రాసేది నా కళ్ళతో ఒక్కసారి కూడా చూసింది లేదు.

రెండేళ్ళ కిందట మార్చిలో ఒక ఆదివారం కాలేజీ ముందు వెయ్యడానికి మొక్కలు చూద్దామని కడియం వెళ్ళాను. నేనెప్పుడూ వెళ్ళే నర్సరీ ఒకటుంది. దాన్ని నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి, నేను అక్కా అనే పిలుస్తాను. షెడ్డులో కూర్చుని నిమ్మకాయ నీళ్ళు తాగుతున్నాం. గోడకున్న టీవీలో బొమ్మ ముందు గళ్ళు గళ్ళుగా విడిపోయి, తర్వాత పూర్తిగా పోయింది.

"మళ్ళీ పోయింది చూడు" అని ఆవిడ కంచె అవతలికి కేకేసింది. పక్కింటాయన లుంగీ సర్దుకుంటూ వచ్చారు. అరవై దాటిన మనిషి, బక్కపల్చగా ఉన్నారు. డిష్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వలలాంటి పెద్ద జాలీ డిష్‌లు బిగించింది ఆయనేనట. తర్వాత చిన్న డిష్‌లు వచ్చాయి, ఆ తర్వాత వైర్లు వచ్చాయి, ఆయన పని తగ్గిపోయింది.

ఆయన టీవీ వైపు కూడా చూడలేదు. గడియారం చూశారు. "మార్చి కదండీ. పది నిమిషాలాగండి, అదే వస్తుంది. సూర్యుడు శాటిలైట్ వెనక్కొచ్చాడు."

"వెనక్కొస్తే దీనికేంటంట?" అంది అక్క.

"ఎండ తిన్నగా డిష్‌లో పడుతుందండి. సిగ్నల్ని కాల్చేస్తుంది."

నాలోని టీచరు ఊరుకోలేకపోయింది. "కాల్చడం కాదండి బాబాయిగారూ. సూర్యుడి నుంచి వెలుతురు వచ్చినట్టే రేడియో తరంగాలు కూడా వస్తాయి. ఆ హోరులో శాటిలైట్ సిగ్నల్ మునిగిపోతుంది."

ఆయన నా వైపు తిరిగారు. "అంటే ఇప్పుడా డిష్‌లో పడుతున్నది సూర్యుడి సిగ్నలా అండీ?"

"అవునండి."

అప్పుడు చూశారు ఆయన టీవీ వైపు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ముప్పై ఏళ్ళ నుంచి ఏడాదికి రెండుసార్లు దీని గురించి జనం చేత మాటలు పడుతున్నానండి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజైతే ఇంటి మీదికే వచ్చేవారు. బొమ్మ పోయిందనుకున్నానుగానీ, ఇంకేదో వస్తోందని ఎప్పుడూ అనుకోలేదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. టీవీ బొమ్మ తిరిగొచ్చింది, అక్క సీరియల్లో పడింది. నేను ఆయన్ని ఇంకా పాత డిష్‌లు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. దొడ్లోకి తీసుకెళ్ళి చూపించారు. ఎనిమిది అడుగుల జాలీ డిష్‌లు రెండు, నేల మీద బోర్లా. ఒకదాని మీద బీరపాదు పాకింది, రెండోదాని కింద కోళ్ళు పడుకున్నాయి. పాత ఇనుం వాళ్ళు చాలాసార్లు అడిగినా ఇవ్వలేదట.

"వీటితో సూర్యుడెంత లావున్నాడో కొలవొచ్చండి" అన్నాను. అనేశాక నాకే భయమేసింది. నేను అంతకుముందు ఇలాంటిది ఏదీ కట్టి ఎరగను.

ఆయన మాత్రం బీరపాదుని చూస్తూ, "కాయలు అయిపోనివ్వండి, తీసేద్దాం" అన్నారు.

అనుకున్నది ఇంతే. రెండు డిష్‌లనీ తూర్పు పడమరలుగా కొంత దూరంలో పెట్టాలి. రెండిటి హోరునీ వైర్లతో ఒకచోటికి తెచ్చి కలపాలి. సూర్యుడి నుంచి వచ్చే తరంగం రెండు డిష్‌లకీ ఒకే అడుగులో, రెండుచోట్లా కలిసి లేస్తూ చేరితే హోరు పెరుగుతుంది, ఎదురడుగులో, ఒకచోట లేస్తూ ఇంకోచోట పడుతూ చేరితే తగ్గుతుంది. సూర్యుడు ఆకాశంలో జరిగేకొద్దీ అది పెరుగుతూ తగ్గుతూ కంప్యూటర్ మీద అలలాగా కనపడాలి. డిష్‌ల మధ్య దూరం మారిస్తే అల మారుతుంది. ఒక్కో దూరానికి ఒక్కో అల. ఆ అలలన్నీ కలిపితే సూర్యుడి బొమ్మ. మహారాష్ట్రలో చేసేదీ ఇదే. అక్కడ బోలెడన్ని డిష్‌లున్నాయి, మాకున్నవి రెండు, కాబట్టి రోజూ ఒకదాన్ని జరుపుకుంటూ పోవాలి.

మేలో నాకు సెలవులు. నర్సరీలో ఒక మడి వానలు పడేదాకా ఖాళీగా ఉంటుందని అక్క ఇచ్చింది. "జూన్ మొదటివారంలో మొక్కలు దింపాలి. ఈలోపు మీ సూర్యుడి పని కానిచ్చేసుకోండి" అంది.

పెయింటు డబ్బాలు రెండు శుభ్రం చేసి, ఒక్కోదాని లోపలి గోడకి బొటనవేలంత రాగితీగ అడ్డంగా బిగించి, వాటిని డిష్‌ల నడిమధ్యన, కొంత ఎత్తులో, మూతి కిందికి ఉండేలా నిలబెట్టారు బాబాయిగారు. అసలు యాంటెన్నా అంటే ఆ తీగే. డిష్ పోగేసిన తరంగాలు దాని మీద పడతాయి. డబ్బా మూతికి ఎండ తగలకుండా థర్మోకోల్ మూత. వైర్ల కొసలు ఆయన కళ్ళు మూసుకుని బిగించగలరు. హోరుని పెంచే చిన్న పెట్టెలు, లాప్‌టాప్‌కి తగిలించే రిసీవరు నేను తెప్పించాను.

మే నెల మొదట్లో మా వైపు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికొస్తాడు. డిష్‌ని ఎటూ వంచక్కర్లేదు, ఆకాశం వైపు పళ్ళెంలా పెడితే చాలు. మొదటి రోజు పన్నెండవుతుండగా మడిలో పాతిన గుంజల నీడలు వాటి కాళ్ళ కిందికే వెళ్ళిపోయాయి. నేను షెడ్డు నీడలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద గీత కాసేపు తిన్నగా సాగి, తర్వాత మెల్లగా లేవడం మొదలుపెట్టింది. పావుగంటలో కొండలా లేచి, ఇంకో పావుగంటలో దిగిపోయింది. సూర్యుడు మా డిష్‌ల మీదుగా దాటి వెళ్ళాడు.

"ఇదేనాండీ?" అన్నారు బాబాయిగారు.

"ఇది సూర్యుడేనండి. కానీ అలలు లేవు."

అలలు మర్నాడూ రాలేదు, మూడో రోజూ రాలేదు. కొండ మాత్రం నున్నగా వస్తోంది. నేను ప్రోగ్రామ్ మళ్ళీ రాశాను. వైర్ల పొడవులు కొలిచాను. రాజమండ్రి నుంచి స్కూటరు మీద ఎండలో వచ్చి, ఎండలో తిరిగి వెళ్తున్నాను. నా వల్ల కాదేమో, బోర్డు మీద రాయడం వరకే నా చదువేమో అనిపించింది.

నాలుగో రోజు నేను వెళ్ళేసరికి బాబాయిగారు స్టూలెక్కి డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూస్తున్నారు. దిగి, రెండో డిష్ దగ్గరికెళ్ళి అందులోకీ చూశారు.

"మేడంగారూ, ఒకటి అడుగుతాను. ఈ డబ్బాలో తీగ తూర్పు పడమరలుగా పడుకుంది. ఆ డబ్బాలో ఉత్తర దక్షిణాలుగా పడుకుంది. అలా ఉన్నా పర్లేదాండీ?"

ఏటా ఒక చాప్టరు మొత్తం దాని గురించే చెబుతాను. తీగ ఎటు పడుకుంటే అటు ఊగే తరంగాల్నే పట్టుకుంటుంది. ఒక డిష్ ఒకలా ఊగేవాటిని, రెండోది అడ్డంగా ఊగేవాటిని వింటోంది. సూర్యుడి హోరులో ఆ రెండిటికీ ఒకదానితో ఒకటి సంబంధమే ఉండదు. ఇక కలిసేదేముంటుంది?

"మా పనిలో ఇది తప్పితే సగం ఛానళ్ళు రావండి. అందుకని అడిగాను" అన్నారాయన, నన్ను తప్పు పట్టినట్టవుతుందేమోనని మొహమాటపడుతూ.

డబ్బాని పావు చుట్టు తిప్పి బిగించారు. అప్పటికి పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.

గీత లేవడం మొదలైంది. లేస్తూ లేస్తూ ఒకచోట తల వంచింది. బాగా లోతుకి దిగి, మళ్ళీ లేచింది, ముందుకన్నా ఎత్తుకి. మళ్ళీ దిగింది. డిష్‌ల మధ్య దూరం ఎనిమిది మీటర్లు. దానికి ఆరు నిమిషాలకో అల రావాలని నా నోటుబుక్కులో ముందే రాసుకున్నాను. వాచీ చూశాను. ఆరు నిమిషాల చిల్లర. అరగంటలో అయిదు అలలు. అంత పెద్ద సూర్యుడు, అంత దూరాన్నుంచి, పెయింటు డబ్బాల్లోకి వచ్చి నా నోటుబుక్కులో అంకె ప్రకారం నడుస్తున్నాడు. బాబాయిగారు గీత పూర్తిగా దిగిపోయేదాకా నిలబడే ఉన్నారు.

అప్పట్నుంచీ రోజూ ఒక డిష్‌ని మూడేసి మీటర్లు తూర్పుకి జరిపాం. పదకొండు, పద్నాలుగు, పదిహేడు. జరిపేకొద్దీ అలలు దగ్గరదగ్గరగా రావడం మొదలెట్టాయి. అవి రావాల్సిందే. దానితోపాటు లోతు కూడా తగ్గుతూ వచ్చింది. ఇరవై మీటర్ల దగ్గర కొండ మీద చిన్న ముడతల్లా మిగిలాయి. ఇరవై మూడు దగ్గర కళ్ళు చికిలించి చూడాల్సి వచ్చింది. ఇరవై ఆరు మీటర్ల రోజున అక్క కూడా పని ఆపి వచ్చి కూర్చుంది. కొండ లేచింది, దిగింది. నున్నగా ఉంది.

బాబాయిగారు చటుక్కున లేచి వైర్ల దగ్గరికి వెళ్ళారు. "ఏదో ఊడిందండి" అంటూ ఎండలో ఒక్కో కొసా విప్పి, గీకి, మళ్ళీ బిగించారు. ఏదీ ఊడలేదు.

ఏం జరిగిందో నాకు తెలుసు. తెలిసినా పైకి అనడానికి ధైర్యం చాలలేదు. "రేపు మళ్ళీ పద్నాలుగుకి తెచ్చి చూద్దామండి" అన్నాను. మర్నాడు పద్నాలుగుకి తెచ్చాం. అలలు ముందు ఎలా వచ్చాయో అలాగే వచ్చాయి. వైర్లలో ఏ లోపమూ లేదు.

అప్పుడు ఇద్దరికీ చెప్పాను. "సూర్యుడు చుక్కలాగా ఉంటే ఎంత దూరం జరిపినా అలలు పోవు. ఆయనకి వెడల్పుంది. ఈ అంచు నుంచి వచ్చేవి ఒక అల వేస్తాయి, మధ్యనుంచి వచ్చేవి ఒక అల, ఆ అంచు నుంచి వచ్చేవి ఇంకొకటి. డిష్‌లు దగ్గరగా ఉన్నప్పుడు అన్నీ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి పడతాయి. దూరం జరిపేకొద్దీ విడిపోతాయి. ఒక దూరానికి వచ్చేసరికి ఒకదాన్నొకటి పూర్తిగా చెరిపేసుకుంటాయి. ఆ దూరం ఎంతో తెలిస్తే సూర్యుడి వెడల్పు ఎంతో తెలిసినట్టే."

"అంటే ఏమీ కనపడకపోవడమేనా మీరు కనిపెట్టింది?" అంది అక్క.

"అవునక్కా."

ఆవిడ నవ్వలేదు. లాప్‌టాప్ వైపు, బయట ఎండ వైపు మార్చి మార్చి చూసింది.

బాబాయిగారు మడి చివరికేసి చూస్తున్నారు. "ఇంకా జరిపితే ఏమవుతుందండీ?"

"లెక్క ప్రకారం అలలు మళ్ళీ రావాలి. చాలా పల్చగా వస్తాయి. ముప్పై అయిదు మీటర్ల దగ్గర చూడొచ్చు. కానీ మడి అంతవరకూ లేదు కదా."

మడి ఇరవై ఎనిమిది మీటర్లే. దాని అవతల కాగితంపూల మొక్కలు, కుండీల్లో, వరసలు వరసలుగా. పూత మీదున్నాయి. అక్క లేచి వెళ్ళి వాటి ముందు నిలబడింది. తర్వాత పనివాళ్ళలో పెద్దావిడని పిలిచి, "రేపు పొద్దున్నే ఈ నాలుగు వరసలూ షెడ్డు పక్కకి మార్చేయండి" అని చెప్పింది. నేను వద్దని అనబోయాను. "అది మళ్ళీ వస్తుందో రాదో తేలకపోతే నాకు అన్నం సయించదు" అంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి రెండొందల కుండీల దాకా పక్కకి వెళ్ళిపోయి, తడి గుండ్రాలు మాత్రం నేల మీద మిగిలాయి. డిష్‌ని అక్కడ నిలబెట్టి, వైరు అతికించి, బాబాయిగారు డబ్బాలో తీగ ఎటుందో రెండుసార్లు చూసుకున్నారు. కుండీలు మోసిన ఆడవాళ్ళు నలుగురూ వెళ్ళిపోకుండా షెడ్డులో నేల మీద కూర్చున్నారు. గాలి లేదు. మోటారు స్పార్కు గీతని పాడుచేస్తుందని అక్క బోరు ఆపించింది.

కొండ లేవడం మొదలైంది. నున్నగానే ఉంది. సగం ఎత్తుకి వచ్చింది, ఇంకా నున్నగానే. నేను నమ్మకం వదిలేసుకుంటున్నాను. శిఖరం దగ్గరికొచ్చేసరికి గీత కొంచెం వణికినట్టనిపించింది. ఇంకోసారి. తర్వాత స్పష్టంగా, ఒకటిన్నర నిమిషానికొకటి చొప్పున, చిన్న చిన్న అలలు. మొదట వచ్చిన అలల లోతులో ఆరో వంతు కూడా ఉండవు. కానీ ఉన్నాయి.

"వచ్చాయండి" అన్నారు బాబాయిగారు, గొంతు తగ్గించి, గట్టిగా అంటే పోతాయేమో అన్నట్టు.

పనివాళ్ళలో పెద్దావిడ వంగి చూసి, "ఈ ముడతలేనా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. "ఎక్కడివి?" అంది. పైకి చూపించాను. ఆవిడ పైటకొంగు నెత్తిన వేసుకుని షెడ్డు బయటికెళ్ళి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది. ఆ వంపు గీతని, పోయి మళ్ళీ వచ్చే గీతని, ఎన్ని బ్యాచ్‌లకి బోర్డు మీద గీశానో. సుద్దముక్కతో నేను గీసినంత కాలమూ అది అలా ఆకాశంలో ఉంటూనే ఉంది.

మే నెలాఖరు ఆదివారం బాబాయిగారు రాజమండ్రి మా ఇంటికి వచ్చారు. అన్ని రోజుల అలల లోతులూ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, ఒక్కో దూరానికి ఒక్కో అల చొప్పున కలపడం మొదలుపెట్టాను. మొదటి అల ఒక్కటే ఉన్నప్పుడు తెరంతా పరుచుకున్న వెడల్పాటి గుట్ట. రెండోది కలిపితే పక్కలు కాస్త తగ్గాయి. అయిదోదానికి మధ్యలో ఒక గోపురం లేచింది. ఆరోది కూడా కలిపాను. ప్రతిదానికీ అంచులు నిటారుగా అవుతూ వచ్చాయి. ఆఖరిదైన ముప్పై అయిదు మీటర్ల అలని తలకిందులుగా కలపాలి, పోయి మళ్ళీ వచ్చిన అల తిరగబడి వస్తుందని లెక్క చెబుతుంది. కలపగానే గోపురం నెత్తి చదునై, రెండు పక్కలా అంచులు దిగాయి. పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా సూర్యుడు.

గోపురానికి అటూ ఇటూ చిన్న చిన్న ముడతలు మిగిలాయి. "ఇవి కూడా సూర్యుడివేనా అండీ?" అని అడిగారు.

"కాదండి. మనం కొలవని దూరాలు చాలా ఉన్నాయి కదా. ఆ ఖాళీల వల్ల వచ్చినవి ఇవి. పెద్ద టెలిస్కోపుల్లో సగం పని వీటిని తుడవడమే. ఏది ఆకాశానిది, ఏది మన లోటువల్ల వచ్చింది అని వేరు చెయ్యడం."

ఆయన తల ఊపారు. తెర మీద ఒక అంచు దగ్గర ఒక వేలు, రెండో అంచు దగ్గర ఒక వేలు పెట్టి చూశారు. వెడల్పు అర డిగ్రీకి కాస్త పైనే వచ్చింది, కంటికి కనపడే సూర్యుడికన్నా కొంచెం ఎక్కువ. మేము పట్టుకున్న తరంగాలు సూర్యుడి ఒంటి మీద నుంచి కాదు, పైనున్న పల్చటి పొరల్లోంచి బయల్దేరినవి. అందుకని ఎక్కువ రావాల్సిందే. మా కొలతలో తప్పు కూడా కొంత ఉండే ఉంటుంది.

"ఇది ఫొటోయే అనొచ్చా అండీ?"

"ఒక్క వరస మాత్రమేనండి. పైనించి కిందికి కూడా కావాలంటే ఉత్తర దక్షిణాలుగా కూడా జరపాలి."

"అక్కగారి మడి అటు సన్నంగా ఉంటుందండి" అని ఆలోచనలో పడ్డారు.

మధ్యాహ్నం మూడవుతోంది. ఇద్దరం భోజనం సంగతే మర్చిపోయాం. నేను అన్నం వడ్డిస్తుంటే అక్క ఫోన్ చేసింది. మొక్కల లారీ రెండ్రోజులు ముందే బయల్దేరిందట, డిష్‌లు తీసేస్తారా అని అడిగింది. సాయంత్రానికే వెళ్ళి విప్పేశాం. ఆకాశం అప్పటికే మబ్బు పట్టి ఉంది. జాలీలు నర్సరీ వ్యాను మీద కట్టి మా కాలేజీకి తెచ్చాం. ప్రిన్సిపాల్‌గారు ముందు కొంచెం గునిసి, తర్వాత డాబా ఇచ్చారు. డాబా ఉత్తర దక్షిణాలుగా నలభై మీటర్లుంది. బాబాయిగారు దాన్ని అడుగులతో కొలిచి, సుద్దముక్క అడిగి తీసుకుని, మూడేసి మీటర్లకో గీత గీసుకుంటూ వెళ్ళారు.